ఎనభై ఎనిమిది కిలోలు

412. నవంబరు 3

విశ్వానికి ఇవాళ ముసుగు పెట్టి నాలుగుసార్లు హెలికాప్టరు దింపించాను. నాలుగుసార్లూ బాగానే దిగాడు, నాలుగుసార్లూ నన్ను మనసులో తిట్టుకున్నాడు. ముసుగంటే మరేం లేదు, జట్కా గుర్రానికి కట్టే గంతల్లాంటి టోపీ. అది పెట్టుకుంటే ఎదురుగా ఉన్న మీటర్ల ముళ్ళూ అంకెలూ తప్ప ఆకాశం, కొండ, నేల ఏవీ కనబడవు. పక్క సీట్లో కూర్చున్న నాకు మాత్రం అన్నీ కనబడతాయి. హెలికాప్టరు ఒక పక్కకి వాలిపోతుంటే "సమంగానే ఉన్నాం అక్కా" అన్నాడొకసారి. నీ ఒళ్ళు చెప్పేది నమ్మకు, ముల్లు చెప్పేది నమ్ము అని వెయ్యోసారి చెప్పాను.

"పండగనాడు కూడా పాత మొగుడేనా? ఇవాళ నా పుట్టినరోజు. ఒక్కరోజైనా ఆకాశం చూడనివ్వొచ్చు కదా" అన్నాడు.

"వచ్చే పుట్టినరోజు చూడాలంటే ఇదే దారి" అన్నాను.

కొండ ఊళ్ళ రోగుల్ని ఆసుపత్రికి చేర్చే మా గాలికొండ స్థావరంలో నడిపేవాళ్ళం ఇద్దరమే, విశ్వమూ నేనూ. అతనికి ముప్పై రెండు, నాకు నలభై ఏడు. ముప్పై రోజుల్లో ఆరుసార్లు ముసుగులో దిగాలి. ఒక్కటి తగ్గినా మబ్బులోకి వెళ్ళే అర్హత పోతుంది. పరీక్షించి సంతకం పెట్టాల్సింది నేనే కాబట్టి నా వెనక నన్ను ముసుగమ్మ అంటారు. ఉపగ్రహాలు మూగబోకముందు యంత్రమే దారి వెతుక్కునేదట, మనిషి కాఫీ తాగుతూ కూర్చునేవాడట. ఇప్పుడు కొండలమీది రేడియో స్తంభాలు, మన ముందున్న ముళ్ళు, అంతే.

ఐదోసారి మొదలుపెట్టేలోపే నూనె ముల్లు గీత దగ్గరికొచ్చింది, గీత కింది నూనె రోగులకే. ఇంజనుకి పోసే కానుగ నూనె డ్రమ్ములు కింద శృంగవరపుకోటలో ఆగిపోయి ఉన్నాయి. ఘాట్ రోడ్డు మళ్ళీ జారింది. ఆఫీసు లాగ్‌లో "విశ్వం, నాలుగు, సంతృప్తికరం" అని రాశాను. ఇది నా సొంత లాగ్ కనుక ఇంకో మాట రాసుకుంటాను. మిగిలిన రెండింటి గురించి నాకు దిగులుగా ఉంది.

413. నవంబరు 9

ఉదయం ఎనిమిదికి అప్పన్నగారి గంట మోగింది. బొడ్డేపల్లి అప్పన్నగారు మా రేడియో గదిలో కూర్చుంటారు. కొండల్లో ఎక్కడ ఎవరికి ప్రాణం మీదికొచ్చినా ముందు తెలిసేది ఆయనకే. అది ఎవరో మాకు తెలియనివ్వకుండా చూసే బాధ్యత కూడా ఆయనదే.

"డుంబ్రిగుడ పక్కన. డెబ్బై ఒక్క కిలోలు. గాలి తూరుపునించి. మబ్బు నూటెనభై అడుగులుంది, ఇంకా దిగతన్నాది. మీరేటంటారు?"

అంతే చెబుతారు. పేరు చెప్పరు, వయసు చెప్పరు, ఆడో మగో చెప్పరు, ఏమైందో చెప్పరు. నాకు ముందు ఇక్కడ నడిపిన సత్యానందం గారికి పసిబిడ్డ అని చెప్పారట. మబ్బు నూటయాభై అడుగులకి దిగి ఉంటే ఆగలేక వెళ్ళారు. ఆ బిడ్డ దగ్గరికి చేరనేలేదు. అప్పటినుంచీ ఇదే కట్టుబాటు. నడిపేవాళ్ళకీ రోగికీ మధ్య నల్ల తెర. నర్సు ఎస్తేరు లోపలినుంచి "సిద్ధం" అనడం తప్ప నాతో మాట్లాడదు. నేనూ, ఎస్తేరూ, అప్పన్నగారూ ముగ్గురం సరేనంటేనే కదలాలి. ఒక్కరు కాదంటే చాలు. రోగి తమవాళ్ళని తెలిస్తే నడిపేవాళ్ళు తప్పుకోవాలి.

"వెళ్ళను" అన్నాను.

"సరేనమ్మా" అన్నారాయన. ఆ డెబ్బై ఒక్క కిలోలు ఏమయ్యాయో నేను అడగను, ఆయన చెప్పరు. మధ్యాహ్నం అన్నం మాత్రం సయించలేదు.

414. నవంబరు 13

విశ్వానికి గడువు ఇవాళ్టితో తీరింది. డ్రమ్ములు ఆగకముందే నేను ఆరుసార్లూ దిగేశాను, డిసెంబరు మొదటివారం దాకా నాకు ఫర్వాలేదు. పొద్దున్నే వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"రెండే కదా అక్కా. రాసేయ్. డ్రమ్ములు రాగానే నాలుగు చేసి చూపిస్తాను."

"చేశాక రాస్తాను."

"నేను దిగలేనని నీకనుమానమా?"

"దిగగలవని నాకూ తెలుసు. ఎన్నిసార్లు దిగావో అదే రాస్తాను."

"నీకు జ్వరమొస్తే ఎవరెళ్తారు? కొండమీద జనం ఏమైపోవాలి?"

"జ్వరం రాకుండా చూసుకుంటాను" అన్నాను. అతను తలుపు గట్టిగా వేసుకుని వెళ్ళాడు. కోపం వచ్చినా నిజమే అడిగాడు. ఈ కొండలన్నిటికీ మబ్బులో ఎగరగలిగేది ఇప్పుడు నేనొక్కదాన్నే.

సాయంత్రం చంద్రిక రేడియోలో పలికింది. నా చెల్లెలు. నాకన్నా పదమూడేళ్ళు చిన్నది, నా చేతులమీద పెరిగింది. కరకవలసలో టీచరు. ఏడో నెల. డిసెంబరు పదికి విశాఖ దిగిపోయి కాన్పుదాకా అక్కడే ఉంటానంది.

"ఇప్పుడే దిగిపోవే" అన్నాను.

"పిల్లల పరీక్షలవనీ అక్కా. కడుపులోది కూడా నీలాగే ఉంది, క్షణం కుదురుండనివ్వదు" అంది. పాప అని మంత్రసాని తేల్చేసిందట. రెండు గర్భాలు పోయాక నిలిచినది. నేను నవ్వి, సరే జాగ్రత్త అన్నాను. గట్టిగా చెప్పి ఉండాల్సింది.

415. నవంబరు 17

ఇవాళ జరిగింది వరసలో రాస్తాను.

తొమ్మిదీ నలభైకి గంట మోగింది.

"కరకవలస" అన్నారు అప్పన్నగారు.

కరకవలసలో ఉన్నవి నలభై ఇళ్ళు. అందులో ఒకటి చంద్రికది. ఆయన ఊపిరి తీసుకోకుండా వెంటనే అన్నారు: "ఎనభై ఎనిమిది కిలోలు. గాలి లేదు. దింపేది తీరం ఆసుపత్రిలో, అక్కడ మబ్బు మూడొందలడుగులు. మీరేటంటారు?"

ఎనభై ఎనిమిది. చంద్రిక కడుపుతో ఉండి కూడా యాభై రెండు దాటలేదు. అయితే ఇంకెవరో. ఎవరో లావుపాటి మనిషి. ప్రాణం లేచొచ్చింది. ఇంకొకరి కష్టానికి సంతోషించినందుకు సిగ్గుపడాలి, కానీ ఆ నిమిషంలో సంతోషించాను.

"వెళ్తాను" అన్నాను. ఎస్తేరు సరేనంది. అప్పన్నగారు ఒక్క క్షణం ఆగి "నానూ సరే అంటన్నాను" అన్నారు.

కరకవలసలో దిగే చోటు రెండు కొండల మధ్య చిన్న చదును. అక్కడినుంచి నిటారుగా లేవాలి, కాబట్టి బరువు ఒక్క కిలో మించకూడదు. ఎనభై ఎనిమిది కిలోల మనిషిని ఎక్కించాలంటే ముప్పయ్యారు కిలోల నూనె తీసెయ్యాలి. తీయించాను. మా హెలికాప్టరు నిమిషానికి మూడు కిలోలు తాగుతుంది. ముప్పయ్యారంటే పన్నెండు నిమిషాలు. మామూలుగా ఆ పన్నెండు నిమిషాలూ మబ్బు విడిపోయేదాకా పైన తిరిగి రెండోసారి ప్రయత్నించడానికి ఉంచుకుంటాం. అది లేకపోయినా విజయనగరం చేరేంత నూనె ఉంటుంది, నియమానికి అది చాలు. అడుగునున్న ఆఖరి అరగంట నూనెని లెక్కలోకి తీసుకోం. కానుగ నూనె చలికి గడ్డకడుతుంది, అది ఇంజనుకి అందుతుందని ఎవరూ చెప్పలేరు. అప్పన్నగారు గది గుమ్మంలో నిలబడి నూనె తీయడం చూస్తూనే ఉన్నారు.

కరకవలసలో దిగాను. తెర వెనక తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఎస్తేరు "సిద్ధం" అంది. లేపాను.

ఆ బరువుకి ఇంజను శక్తి చూపే ముల్లు తొంభైనాలుగు దగ్గర నిలబడాలి. తొంభై రెండు దగ్గర ఆగింది.

రెండు గీతల తేడా ఇంకొకరికి తెలియకపోవచ్చు. పంతొమ్మిదేళ్ళుగా ఆ ముల్లుతో కాపురం చేస్తున్నాను. నా వెనక ఎనభై ఎనిమిది కిలోల మనిషి లేరు. మరి అప్పన్నగారు అబద్ధమెందుకు చెప్పినట్టు? కరకవలసలో ఎవరి బరువు చెబితే నేను పోల్చుకుంటాను? ఒక్కరిదే.

తెలిసిన క్షణంనుంచి నేను నడపకూడదు. నియమం అదే, పది మందికి బోధించింది నేనే. ఆపి ఎవరికిచ్చేది? కింద కొండలు, చుట్టూ తెల్లటి మబ్బు, పక్క సీటు ఖాళీ. తెర తీసి చూడాలనిపించింది. చంద్రీ అని పిలవాలనిపించింది. పిలవలేదు. పిలిస్తే అది జవాబిస్తుంది, ఆ గొంతు విన్నాక నా చేతులు నా మాట వినవు.

సముద్రపొడ్డునున్న తీరం ఆసుపత్రి రేడియో స్తంభం చెవిలో పలుకుతుండగా దిగడం మొదలుపెట్టాను. మూడొందలన్న మబ్బు అప్పటికే కిందికి జారిపోయింది. నాలుగొందలు. మూడొందలు. రెండొందల యాభై. రెండొందల అడుగుల దగ్గర ఆసుపత్రి కప్పుమీది దీపాలు కనబడాలి. కనబడకపోతే లేవాలి, అందులో ఆలోచించడానికేం లేదు. రెండొందలొచ్చింది. అద్దం బయట తెలుపు తప్ప ఏమీ లేదు.

అప్పుడు ఎస్తేరు నాలుగేళ్ళలో మొదటిసారి కట్టుబాటు తప్పింది.

"దిగండి మేడం! ఇంకొంచెం దిగితే కనబడుద్ది. టైము లేదు మేడం, రక్తం ఆగట్లేదు!"

లేపాను.

మబ్బులో ఒక్కసారిగా వేగం పెంచి లేపితే ఒళ్ళంతా వెనక్కి పడిపోతున్నట్టుంటుంది. హెలికాప్టరు ముక్కు దించు, ముక్కు దించు అని చెవులూ కడుపూ వెన్నూ కలిసి అరుస్తాయి. దించితే నేలే. ఇవాళ వాటితోపాటు ఇంకొకటి కూడా దించమని అరిచింది. ముల్లు మీదనుంచి చూపు తీయలేదు. ముల్లు సమంగా ఉందంది. దాన్నే నమ్మాను.

ఇంకో పన్నెండు నిమిషాల నూనె ఉంటే అక్కడే చుట్టు తిరిగేదాన్ని. లేదు. విజయనగరం వైపు తిప్పాను. పద్నాలుగు నిమిషాలు. అక్కడ మబ్బు ఐదొందలుంది, దీపాలు బాగా కనబడ్డాయి. చిన్న ఆసుపత్రి, ఆపరేషను గది సిద్ధం చెయ్యడానికి ఇంకో పావుగంట పట్టింది. స్ట్రెచరు దింపుతుంటే తెరకి అటుపక్క ఒక చెయ్యి వేలాడడం చూశాను. చంద్రిక గాజులు.

చంద్రిక బతికింది. పాప బతకలేదు.

మేం తిరిగి వెళ్ళిపోయిన తొమ్మిది నిమిషాలకి తీరం ఆసుపత్రి మీద మబ్బు విడిపోయిందని సాయంత్రం వాతావరణం పుస్తకంలో చూశాను. ఆసుపత్రి కప్పుమీది దీపాలు మైలు దూరానికి కనబడ్డాయట.

416. నవంబరు 18

రేడియో గదికి వెళ్ళాను. అప్పన్నగారు యంత్రం ఎదుట చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేవబోయారు. కూర్చోమన్నాను.

"ఎందుకు చెప్పారు ఎనభై ఎనిమిదని?"

"యాబై రెండని సెప్తే మీరు పోల్చేస్తారు కదమ్మా. పోలిస్తే ఎల్లకూడదు. విశ్వంబాబుకి రెండు తక్కువ. ఇంకెవులెల్తారు? ఆ పిల్ల అక్కడ నెత్తురోడతా ఉంటే సూస్తా కూకోమంటారా?"

"నూనె తీస్తుంటే చూశారు."

"సూసినాను." ఆయన కుర్చీ యంత్రం వైపు తిప్పుకున్నారు. "బరువు తక్కువ సెప్తే ముప్పు గాని, ఎక్కువ సెప్తే ఏటౌతదిలే అనుకున్నాను. పేరైతే నా నోటంట రాలేదు కదా, కట్టుబాటు నిలబడిందనుకున్నాను. పన్నెండు నిమిషాలే గదా అనుకున్నానమ్మా."

ఆయన్ని తిట్టడానికే వెళ్ళాను. తిట్టలేదు.

"ఒక్క మాట సెప్పండి. యాబై రెండు అంటే మీరు ఎల్లేవోరా?"

"వెళ్ళేదాన్ని కాదు."

"మరి?"

ఆయన అబద్ధం వల్ల నా చెల్లెలు బతికింది. ఆ అబద్ధం వల్లే దాని బిడ్డ పోయింది. రెండూ ఒకే నోటి మాట, విడదీసి ఒకదానికి దణ్ణం పెట్టి ఇంకొకదాన్ని శపించడం కుదరదు.

"ఇది నివేదికలో రాస్తాను" అన్నాను.

"రాయండి. నా ఉద్యోగం పోతాది, పోనీండి. రాయాపోతే రేపు ఇంకొకడు నాలాగే మంచి సేద్దామని మొదలెడతాడు."

నా గదికి వచ్చి ఏడ్చాను. ఆయన కోసమో, చంద్రిక కోసమో, పాప కోసమో చెప్పలేను. తర్వాత రాయడానికి కూర్చున్నాను. అప్పన్నగారు చెప్పిన బరువు, ముల్లు చూపిన తేడా, తెలిశాక కూడా నేను నడిపిన సంగతి, ఎస్తేరు మాట, అన్నీ రాశాను. రెండొందల అడుగుల దగ్గర మూడు సెకన్లు ఆలస్యంగా లేపాను. ఆ మూడు సెకన్లలో నూటఎనభైకి దిగిపోయాను. అది కూడా రాశాను. విచారణ ముగిసేదాకా నేను హెలికాప్టరు నడపకూడదు.

417. నవంబరు 20

డ్రమ్ములొచ్చాయి. పన్నెండు కంచరగాడిదలు, ఇరవై నాలుగు డ్రమ్ములు. చేతులు కాలాక ఆకులు.

నన్ను నడపకూడదన్నారు, పరీక్షించకూడదని ఎవరూ అనలేదు. విశ్వం ముసుగు తనే తెచ్చి పెట్టుకున్నాడు. వరసగా రెండు దిగాడు. ఒక్క జోకు వెయ్యలేదు. సంతకం పెట్టించుకుంటూ తలెత్తకుండా అన్నాడు: "ఆ రోజు రాసేసుంటే నేనెళ్ళేవాణ్ణి కదక్కా. ఆయనకి అబద్ధమాడే పని పడేది కాదు."

నాకు మూడు రోజులుగా నిద్రలేకుండా చేస్తున్న మాట అదే. నాకు తోచిన జవాబే చెప్పాను.

"వెళ్ళేవాడివి. ఆ మబ్బులో రెండొందల దగ్గర ఎస్తేరు అలా అరిస్తే లేపేవాడివో లేదో నాకు తెలియదు. నీకూ తెలియదు."

అతను చేతిలోని ముసుగు నూనె డ్రమ్ము మీద పెట్టాడు. "లేపేవాణ్ణి కాదేమో" అన్నాడు.

418. నవంబరు 24

విశ్వం నన్ను విజయనగరంలో దింపి వెళ్ళాడు. మరిది, చంద్రిక మొగుడు, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పాపని ఆ మర్నాడే అతనొక్కడే తీసుకెళ్ళి మట్టి చేసి వచ్చాడని నర్సు చెప్పింది.

చంద్రిక కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను. తెచ్చిన బత్తాయిలు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను.

"నువ్వేనా నడిపింది?" అంది అటే చూస్తూ.

"నేనే."

"ఒకసారి కిందికొచ్చి మళ్ళీ పైకి లేచాం. నాకు తెలిసింది."

"దీపాలు కనబడలేదు చంద్రీ."

"లోపలున్నది నేనని అప్పటికి తెలుసా?"

తెలియదనొచ్చు. ఆ అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదనిపించింది. అప్పన్నగారికి కూడా అలాగే అనిపించి ఉంటుంది.

"తెలుసు."

"దిగాలనిపించలేదా?"

"అనిపించింది. అంతకన్నా ఎక్కువగా నా జన్మలో ఏదీ అనిపించలేదు."

చంద్రిక కళ్ళు మూసుకుంది. చెంపలు తడిశాయి, తుడుచుకోలేదు. నన్ను తుడవనివ్వదేమోనని నేనూ చెయ్యి చాపలేదు. గదిలో ఇంకో మంచం మీది ముసలావిడ మమ్మల్ని చూసి ముఖం అటు తిప్పుకుంది. చంద్రిక ఇటు తిరిగింది.

"జరిగిందంతా కాగితం రాశావటగా. ఎస్తేరు చెప్పింది."

"రాశాను."

"అప్పన్నగారిని తీసేస్తారా?"

"తీసేస్తారు."

"నిన్ను?"

"ఇంకా తెలీదు."

"అందులో నా బరువెంతని రాశావు?"

"యాభై రెండు. అసలు బరువు అదే కదా."

"పాపతో కలిపా?"

"కలిపే."

"విడదీసి రాయి." మోచేతి మీద కొంచెం లేచింది. "దాని బరువు పన్నెండొందల గ్రాములు. డాక్టరమ్మ తూచి చెప్పింది. దానికి పేరు పెట్టలేదు, ఊరు చూడలేదు, ఏ పుస్తకంలోనూ అది లేదు. మీకెలాగూ బరువు తప్ప ఇంకేం చెప్పరు. అదొక్కటైనా రాయి అక్కా."

రాస్తానన్నాను. అప్పుడు నా ఒళ్ళోని బత్తాయిలు తీసి పక్కన పెట్టింది. పెట్టి, నా చేతి మీద తన చెయ్యి ఉంచింది.

నివేదిక నకలు నా సంచిలోనే ఉంది. వరండాలో మరిది పక్కన బెంచీ మీద కూర్చుని తీశాను. ఆ కాగితంలో రోగికి ఒక్కటే వరస ఉంటుంది. యాభై రెండుని కొట్టేశాను. స్కేలు లేదు, ఆసుపత్రి చీటీ అంచు ఆనించి కింద ఇంకో గీత గీశాను. మరిది వంగి చూస్తున్నాడు.

రోగి ఒకటి: యాభై కిలోల ఎనిమిది వందల గ్రాములు. రోగి రెండు: ఒక కిలో రెండు వందల గ్రాములు.

దిద్దడానికి కారణం అన్న గడిలో "మొదట ఒక్కరినే లెక్కపెట్టాను" అని రాసి సంతకం చేశాను.